ఉద్యోగం చేస్తూ ఆక్స్‌ఫర్డ్‌లో పీజీ: సెలవుల లెక్కతో మొదలుపెట్టండి

నలభై దాటాక ఆక్స్‌ఫర్డ్‌లో చదవాలని ఉందంటూ నన్ను సలహా అడిగేవారు దాదాపు అందరూ రెండే ప్రశ్నలు వేస్తారు: ఫీజు ఎంత, సీటు వస్తుందా అని. నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "మీకు ఏడాదికి సెలవులెన్ని?" చాలామంది నవ్వేస్తారు. నేను అడిగేది మాత్రం సరదాకు కాదు.

నేనుండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. పగలంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఇంట్లో మావారు, స్కూలుకు వెళ్లే అమ్మాయి, ఏటా కొన్ని నెలలు వచ్చి ఉండే అత్తయ్య. ఈ సంసారం మధ్యనే ఆక్స్‌ఫర్డ్‌లోని కెలాగ్ కాలేజీ విద్యార్థినిగా సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో ఎంఎస్సీ పార్ట్‌టైమ్‌గా పూర్తిచేశాను. తెలివితేటల సంగతి దేవుడెరుగు, ఈ చదువు నిలబడేదీ కూలేదీ క్యాలెండర్ మీదే అని నా అభిప్రాయం.

బ్రిటన్‌లో వారానికి ఐదు రోజులు పనిచేసేవారికి చట్టప్రకారం ఏడాదికి కనీసం 28 రోజుల సెలవు ఉంటుంది. చాలా ఆఫీసుల్లో బ్యాంక్ హాలిడేలూ, అంటే దేశమంతటికీ ఉండే పబ్లిక్ సెలవులూ, ఇందులోనే కలిసిపోతాయి. ఇంగ్లండ్‌లో అవి మామూలుగా 8. అంటే మీ చేతిలో మిగిలేవి 20. నా కోర్సులో పది మాడ్యూళ్లు, ఆపైన డిసర్టేషన్. ప్రతి మాడ్యూలుకూ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చోవాలి. మొత్తం ముగించడానికి నాలుగేళ్ల దాకా గడువుంటుంది కాబట్టి ఏడాదికి మూడు మాడ్యూళ్లు అనుకుందాం. 15 రోజులు వాటికే చెల్లు. మిగిలిన ఐదింటిలోనే పిల్లకు జ్వరం రావాలి, ఇండియాలో తమ్ముడి పెళ్లి జరగాలి, మీకు వైరల్ ఫీవర్ రావాలి. ఈ లెక్క కాగితం మీద వేసి, ఇంట్లో అందరి ముందూ పెట్టి, "సరే" అనిపించుకున్నాకే తర్వాతి పనికి వెళ్లండి.

అన్ని కోర్సులూ ఇలా వారాల చొప్పున ఉండవు. సృజనాత్మక రచన, సుస్థిర నగరాభివృద్ధి, ఎవిడెన్స్ బేస్డ్ హెల్త్ కేర్ వంటి వాటిలోనూ పార్ట్‌టైమ్ మాస్టర్స్ ఉన్నాయి. ఒక్కోదాని క్లాసుల పద్ధతి ఒక్కోలా ఉంటుంది. పార్ట్‌టైమ్ డీఫిల్, అంటే మన పీహెచ్‌డీ, ఆరు నుంచి ఎనిమిదేళ్ల వ్యవహారం. కోర్సు పేజీ తెరవగానే అందరూ ఫీజు దగ్గరికి పరుగెత్తుతారు. మీరు మాత్రం ఎప్పుడెప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉండాలో చెప్పే భాగం ముందు చదవండి. తేదీలు స్పష్టంగా లేకపోతే కోర్సు ఆఫీసుకు మెయిల్ రాసి, కిందటేడాది టైమ్‌టేబుల్ అడగండి. కోర్సు నడిపేవారికి ఇలాంటి ప్రశ్నలు అలవాటే.

ఇక మీ ఆఫీసు. కనీసం 250 మంది ఉద్యోగులున్న సంస్థలో 26 వారాలు పనిచేసినవారికి, పనికి ఉపయోగపడే చదువు కోసం సమయం అడిగే హక్కు చట్టం ఇచ్చింది. అడిగే హక్కు మాత్రమే సుమా. సరైన వ్యాపార కారణం ఉంటే వాళ్లు కాదనవచ్చు, ఇచ్చినా ఆ రోజులకు జీతం ఇవ్వాలని లేదు. అయినా అడగండి, అదీ రాతపూర్వకంగా. "నువ్వు చదువుకో, మేం చూసుకుంటాం" అని కాఫీ తాగుతూ అన్న మేనేజర్ ఆరు నెలల్లో వేరే టీముకు వెళ్లిపోతాడు. కొత్తగా వచ్చినాయనకు ఆ మాట తెలియదు. మెయిల్ ఉంటే చూపించవచ్చు.

కెలాగ్ ఎందుకు

ఆక్స్‌ఫర్డ్‌లో ప్రతి విద్యార్థికీ రెండు ఇళ్లు. పాఠం చెప్పేది, పరీక్ష పెట్టేది డిపార్ట్‌మెంట్. మీ బాగోగులు చూసేది, నలుగురితో కలిపి భోజనానికి కూర్చోబెట్టేది, చివరకు పట్టా ఇప్పించేది కాలేజీ. మాస్టర్స్ స్థాయిలో కాలేజీ మీకు పాఠాలు చెప్పదు. మనవాళ్లు చాలామంది కాలేజీ అంటే హాస్టల్ అనుకుంటారు. రెడింగ్ నుంచి రైలెక్కి వెళ్లే నాకు హాస్టల్ గదితో పనే లేదు. కాలేజీ మాత్రం చాలా అవసరపడింది.

కెలాగ్ పుట్టుకే ఉద్యోగస్థుల చదువు కోసం. బయటి జనానికి పాఠాలు చెప్పే పనిని ఆక్స్‌ఫర్డ్ 1878లో మొదలుపెట్టింది. ఆ పని పెరిగి పెద్దదై, వెల్లింగ్టన్ స్క్వేర్‌లోని ర్యూలీ హౌస్ కేంద్రంగా నడిచింది. 1990లో అదే పేరుతో కాలేజీ ఏర్పడింది. డబ్ల్యూ.కె. కెలాగ్ ఫౌండేషన్ ఇచ్చిన తోడ్పాటుకు గుర్తింపుగా 1994లో పేరు మార్చారు. అవును, కార్న్‌ఫ్లేక్స్ కెలాగే. కాలేజీ చిహ్నంలో గోధుమ కంకి కూడా ఉంటుంది. మా అత్తయ్య ఇప్పటికీ చుట్టాలకు "మా కోడలు అటుకుల డబ్బా కాలేజీలో చదివింది" అనే చెబుతుంది. ఇప్పుడు కాలేజీ బాన్‌బరీ రోడ్డు మీద, విక్టోరియా కాలపు ఇళ్ల మధ్య ఉంది. అందరూ పీజీ విద్యార్థులే, అందులో పార్ట్‌టైమ్ వారు పెద్ద సంఖ్యలో ఉంటారు. సెయింట్ క్రాస్, రూబెన్ కాలేజీల్లాగే దీనికీ విడి సంస్థగా నిలిపే రాజశాసనం (రాయల్ చార్టర్) లేదు, నేరుగా యూనివర్సిటీలో భాగం. మీ పట్టాకు దీనివల్ల తేడా ఏమీ రాదు.

వయసు పెద్దదన్న బెంగ ఉన్నవారికి ఒక మాట. కేంబ్రిడ్జ్‌లోని హ్యూస్ హాల్, సెయింట్ ఎడ్మండ్స్, ఆక్స్‌ఫర్డ్‌లోని హారిస్ మాంచెస్టర్ వంటివి పెద్ద వయసు విద్యార్థుల కాలేజీలుగా పేరుపడ్డాయి. అక్కడ పెద్ద వయసంటే 21 నిండడమే! మన లెక్కలో ఇంకా బీటెక్ ఆఖరి ఏడాది పిల్లలు. కెలాగ్‌లో నా పక్కన కూర్చుని భోంచేసినవారిలో సర్జన్, స్కూల్ టీచర్, మనవలున్న ఒక చరిత్రకారిణి ఉన్నారు. అక్కడ ఎవరూ వయసు అడగరు. "ఏం పని చేస్తారు?" అని అడుగుతారు.

దరఖాస్తులో కాలేజీ పేరు రాసే చోట కెలాగ్ అని రాయవచ్చు, లేదా ఏదైనా ఫర్వాలేదని వదిలేయవచ్చు. ఏ కోర్సును ఏ కాలేజీ తీసుకుంటుందో కోర్సు పేజీలోనే ఉంటుంది. పార్ట్‌టైమ్ వారిని తీసుకోని కాలేజీలూ ఉన్నాయి, చూసి రాయండి. ఇంతకూ మిమ్మల్ని తీసుకోవాలా వద్దా అని తేల్చేది డిపార్ట్‌మెంటే. డిపార్ట్‌మెంట్ సరేనంటే ఏదో ఒక కాలేజీలో చోటు ఖాయం. కాబట్టి ఈ గడి దగ్గర నిద్ర పాడుచేసుకోకండి.

దరఖాస్తు

దరఖాస్తులు సెప్టెంబరులో తెరుస్తారు. చాలా కోర్సుల గడువు డిసెంబరు, జనవరి నెలల్లో ఉంటుంది, కొన్నిటికి ఆ తర్వాత కూడా. దసరా సెలవుల నాటికి మార్కుల మెమోలన్నీ స్కాన్ చేసి పెట్టుకోండి. మెమోలు, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) పుట్టింటి బీరువాలో ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి అడగండి.

అసలు కష్టం రెఫరెన్సులది. మామూలుగా మూడు కావాలి. ఇరవై ఏళ్ల కిందట చదువు చెప్పిన మాస్టారు రిటైరై ఉంటారు, కాలేజీ మెయిల్ ఉండదు, సొంత జీమెయిల్ నుంచి పంపిస్తే యూనివర్సిటీ అనుమానంగా చూస్తుంది. నేను మా పాత హెచ్‌ఓడీ గారికి ఫోన్ చేసి "నమస్కారం సార్, ఫలానా బ్యాచ్ అమ్మాయిని" అనగానే ఆయన గుర్తుపట్టలేదు. ప్రాజెక్టు వైవా రోజు కరెంటు పోయి కొవ్వొత్తి వెలుగులో నడిపారని చెప్పాక "ఆఁ, నువ్వా!" అన్నారు. పాత మాస్టార్లకు రాసేటప్పుడు అలాంటి ఆనవాలు ఒకటి ఇవ్వండి, వెంట మీ ఇప్పటి రెజ్యూమే, కోర్సు వివరం పంపండి. లేఖ మీరే రాసి "సంతకం పెట్టండి సార్" అనడం మన దగ్గర మామూలే కానీ ఇక్కడ చెల్లదు. వాళ్లే నేరుగా అప్‌లోడ్ చేయాలి. ఉద్యోగ అనుభవానికి విలువనిచ్చే కోర్సులు పనిలో పైవారి రెఫరెన్సును కూడా ఒప్పుకుంటాయి, ఎన్ని అలా ఉండవచ్చో కోర్సు పేజీలో చూడండి. నా ఓటు పైవారికే. ఇప్పుడు మీరు ఏం చేయగలరో వాళ్లకే తెలుసు. గడువుకు రెండు వారాల ముందు ఒకసారి మర్యాదగా గుర్తుచేయండి, ఆఖరి వారంలో మొహమాటం లేకుండా గుర్తుచేయండి.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ దగ్గర మనవాళ్లందరిదీ ఒకటే వరస: "చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే ఎనలేని ఆసక్తి." దీన్ని కొట్టేయండి. పార్ట్‌టైమ్ విద్యార్థికి ఫుల్‌టైమ్ వారికి లేని బలం ఒకటుంది: రోజూ చేసే పనిలో ఎదురయ్యే, జవాబు దొరకని ప్రశ్న. నా చిత్తుప్రతి మొదటి వాక్యం సారాంశం ఇది: "మేము టెస్టులు వేల సంఖ్యలో నడుపుతాం, అన్నీ పాసవుతాయి, అయినా విడుదల చేసిన రాత్రి ఫోన్ మోగుతుంది. టెస్టు పాసవడం అంటే ప్రోగ్రాం సరైనదని నిరూపించినట్టు కాదని నాకు తెలుసు, నిరూపించడం ఎలాగో తెలియదు." దీని వెనుకే ఆ కోర్సులో ఏ మాడ్యూలు ఈ ప్రశ్నకు దగ్గరగా ఉందో రాశాను. నర్సయితే వార్డులోని ప్రశ్న, ప్లానింగ్ ఆఫీసరైతే నక్షా మీది ప్రశ్న రాయండి. ఆఖరి పేరాలో, వారానికి ఎన్ని గంటలు ఎక్కడి నుంచి తెస్తారో, ఆఫీసు ఏమందో రెండు వాక్యాల్లో చెప్పండి. ఉద్యోగం వల్ల చదువు మధ్యలో వదిలేస్తారేమో అనే శంక దరఖాస్తు చదివేవారికి ఉంటుంది. అడగకముందే తీర్చేయడం మంచిది.

ఇంగ్లీషు పరీక్ష సంగతి క్లుప్తంగా: ఐఈఎల్‌టీఎస్‌లో మామూలు స్థాయి కోర్సులకు మొత్తం 7.0, ఏ భాగంలోనూ 6.5కు తగ్గకూడదు. పై స్థాయి అడిగే కోర్సులకు 7.5, ఏ భాగంలోనూ 7.0కు తగ్గకూడదు. స్కోరు రెండేళ్లే చెల్లుతుంది.

డబ్బు, వీసా

ఇక్కడ చాలామంది బోల్తా పడేది రెండు చోట్ల. మొదటిది, ఇంగ్లండ్‌లో ఉంటూ పన్ను కడుతున్నాం కాబట్టి హోమ్ ఫీజు, అంటే ఇక్కడివారికి ఉండే తక్కువ ఫీజు, వస్తుందనుకోవడం. వర్క్ వీసా మీద ఉన్నవారికి మామూలుగా రాదు. ఐఎల్ఆర్ వంటి స్థిరనివాస హోదా ఉండాలి, కోర్సు మొదలయ్యే నాటికి అంతకుముందు మూడేళ్లు ఇక్కడే నివసించి ఉండాలి. హోమ్ ఫీజుకూ ఓవర్సీస్ ఫీజుకూ చాలా కోర్సుల్లో భారీ తేడా ఉంటుంది. మీ ఐఎల్ఆర్ మరో ఏడాదిలో రాబోతుంటే దరఖాస్తు ఒక్క ఏడాది ఆపుకోండి. తొందరపడి చేరితే, ఆ తర్వాత హోదా మారిందని ఫీజు తగ్గిస్తారన్న ఆశ పెట్టుకోవద్దు.

రెండోది ప్రభుత్వం ఇచ్చే మాస్టర్స్ అప్పు. ఇంగ్లండ్‌లో అర్హత ఉన్నవారికి 12 వేల పౌండ్లకు పైగా ఇస్తారు, పార్ట్‌టైమ్ చదువుకూ ఇస్తారు, వయసు 60 లోపు ఉంటే చాలు. అయితే ఇప్పటికే మాస్టర్స్ ఉన్నవారికి రాదు. అది ఇండియాలో చేసినదైనా, సొంత డబ్బుతో చదివినదైనా అంతే. మనవారిలో ఎంసీఏ, ఎంటెక్, ఎంబీఏ లేనివారు ఎంతమంది! నాకు బీటెక్ ఒక్కటే ఉండటం జీవితంలో మొదటిసారి కలిసొచ్చింది.

ఫీజు ఏటా పెరుగుతుందని ముందే అనుకుని లెక్క వేయండి. కొన్ని కోర్సుల్లో కోర్సు ఫీజు వేరు, మాడ్యూలుకు ఇంత అని వేరు. కాలేజీ ఫీజంటూ విడిగా ఏమీ ఉండదు. రైలు ఛార్జీ, బస ఖర్చు మాత్రం మీ నెత్తినే.

స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారు ఉద్యోగానికి అడ్డు రాకుండా చదువుకోవచ్చు. కొన్ని సున్నితమైన సైన్స్, టెక్నాలజీ విషయాలకు మాత్రం అటాస్ అనే అనుమతి ముందుగా తీసుకోవాలి. ఇండియాలో ఉంటూ మాడ్యూళ్లకు వచ్చిపోవాలనుకునేవారిలో ఎక్కువమంది విజిటర్ వీసా మీద వస్తారు. మీ కోర్సుకు ఏది పనికొస్తుందో యూనివర్సిటీ వీసా విభాగాన్నే అడగండి, ఏజెంట్లను కాదు.

మాడ్యూలు వారం

నా క్లాసులు పార్క్స్ రోడ్డులోని కంప్యూటర్ సైన్స్ భవనంలో జరిగేవి. అక్కడి నుంచి కెలాగ్ నడిచి వెళ్లేంత దగ్గర. రెడింగ్ నుంచి రైల్లో అరగంట ప్రయాణం కాబట్టి రోజూ వచ్చిపోవచ్చనే మొదట అనిపిస్తుంది. నా సలహా: వీలుంటే ఆ వారం ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉండిపోండి. సాయంత్రం ఇంటికి చేరితే మీరు మళ్లీ అమ్మ, కోడలు, గిన్నెల మనిషి అయిపోతారు. సెలవుల్లో కాలేజీలు ఖాళీ విద్యార్థి గదులను బయటివారికి అద్దెకిస్తాయి, ముందుగా చూసుకుంటే హోటల్ కంటే నయం. కారు మాత్రం తీసుకెళ్లకండి. ఊరి మధ్యలో పార్కింగ్ దొరకదు, దొరికినా జేబు ఖాళీ. తప్పనిసరైతే ఊరి అంచున పియర్ ట్రీ, థార్న్‌హిల్ వంటి పార్క్ అండ్ రైడ్‌లలో కారు ఆపి బస్సెక్కండి.

శుక్రవారం మధ్యాహ్నానికి బుర్ర పూర్తిగా నిండిపోతుంది. సరిగ్గా అప్పుడే అసైన్‌మెంట్ చేతికిస్తారు, గడువు ఆరు వారాలు. ఆరు వారాలంటే బోలెడు సమయం అనిపిస్తుంది. సోమవారం ఆఫీసులో కూర్చోగానే ఆ వారం చదివినదంతా ఆవిరవడం మొదలవుతుంది. అందుకే తిరుగు రైల్లోనే ప్రశ్నపత్రం తీసి, ప్రతి ప్రశ్న కింద తోచిన రెండు ముక్కలు పెన్నుతో రాసేదాన్ని. సగం తప్పులే. అయినా మూడో వారంలో మళ్లీ తెరిచినప్పుడు ఆ పిచ్చి గీతలే దారి చూపించేవి.

ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఆరు వారాల పట్టిక అంటించేదాన్ని. ఆఫీసులో రిలీజు ఉన్న రోజులు ఎరుపు, అమ్మాయి పరీక్షలు నీలం, నా చదువు గంటలు పచ్చ. పచ్చ గడి ఉన్నప్పుడు వంట మావారిది. మొదట్లో ఆయన ఉప్మాతోనే నెట్టుకొచ్చారు, డిసర్టేషన్ నాటికి గుత్తి వంకాయ దాకా వచ్చారు. ఆరో వారం మొత్తం ఖాళీగా ఉంచండి. అందులో రాయాల్సింది ఏదీ పెట్టుకోకండి, ఏదో ఒకటి వచ్చి ఆ వారాన్ని మింగేస్తుంది.

కాలేజీని వాడుకోండి

పార్ట్‌టైమ్ వారిలో చాలామంది క్లాసుకు వస్తారు, వెళ్లిపోతారు. కట్టిన డబ్బులో కాలేజీ వాటా కూడా ఉందని మరిచిపోతారు. మీకు కాలేజీ అడ్వైజర్ అని ఒకరిని కేటాయిస్తారు. ఆయన మీ మార్కులు వేసే మనిషి కాదు, కాబట్టి డిపార్ట్‌మెంట్‌తో చెప్పుకోలేనివి చెప్పుకోవచ్చు. మొదటి టర్ములోనే ఒకసారి కలవండి, కష్టం వచ్చాక పరిచయం చేసుకోవడం ఇబ్బందిగా ఉంటుంది. అమ్మకు ఒంట్లో బాగోలేక ఇండియా వెళ్లాల్సి వచ్చినా, ఉద్యోగం పోయినా, కొంతకాలం చదువు ఆపి మళ్లీ కొనసాగించే వీలుంది. దాన్ని సస్పెన్షన్ అంటారు. పేరు విని కంగారు పడకండి, శిక్ష కాదు. గడువు దాటాక కాదు, దాటకముందు అడగాలి. డబ్బు ఇబ్బంది ఉంటే కాలేజీ సహాయ నిధి గురించి కూడా అప్పుడే అడగండి.

లైబ్రరీల్లో చాలా పుస్తకాలు, పత్రికలు ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చదవవచ్చు. చట్టప్రకారం ప్రచురణకర్తల నుంచి యూనివర్సిటీ పెద్ద లైబ్రరీ బోడ్లియన్‌కు చేరే డిజిటల్ ప్రతులు మాత్రం అక్కడి రీడింగ్ రూముల్లోనే తెరుచుకుంటాయి. అలాంటివాటి జాబితా రాసుకుని మాడ్యూలు వారంలో ఒక సాయంత్రం కేటాయించండి.

చేరిన ఏడాది మెట్రిక్యులేషన్ అనే వేడుక ఉంటుంది. ముదురు రంగు సూటో స్కర్టో, తెల్ల చొక్కా, మెడకు టై లేదా నల్ల రిబ్బను, పైన గౌను. పీజీ వారి గౌను వేరు, కొనేటప్పుడు అది చెప్పి అడగండి. వృథా ఖర్చని మానేయాలనుకోకండి, యూనివర్సిటీలో మిమ్మల్ని లాంఛనంగా చేర్చుకునేది ఆ రోజే.

పార్ట్‌టైమ్ విద్యార్థికి దక్కనివి కూడా తెలిసి ఉండాలి. ఇంటి మీద వేసే స్థానిక పన్ను, కౌన్సిల్ ట్యాక్స్, మినహాయింపు ఫుల్‌టైమ్ వారికే. రైలు టికెట్లపై రాయితీనిచ్చే 16-25 రైల్‌కార్డును 26 నిండిన విద్యార్థులకూ ఇస్తారు కానీ, అదీ ఫుల్‌టైమ్ చదువుకే. స్టూడెంట్ కార్డు చూపించి రాయితీ అడిగేముందు నిబంధన చదవండి.

పట్టా ప్రదానం షెల్డోనియన్ థియేటర్‌లో, లాటిన్ మంత్రాలతో జరుగుతుంది. రాలేనివారు వేడుకకు వెళ్లకుండానే పట్టా తీసుకోవచ్చు. వెళ్లేటట్టయితే ఆహ్వానం మెయిల్ రాగానే తేదీ బుక్ చేసుకోండి, అతిథుల టికెట్లు పరిమితం. అమ్మానాన్నలను ఇండియా నుంచి పిలిపించాలనుకుంటే, తేదీ ఖాయమైన రోజునే వారి విజిటర్ వీసా పని మొదలుపెట్టండి. మా నాన్నగారి పాస్‌పోర్టు గడువు అయిపోయిందని మాకు అప్పుడే తెలిసింది.